బోటు నంబరు

నెల్లూరు,
ఏప్రిల్ 22.

పద్మనాభయ్య సార్ గారికి,

డెబోరా వందనాలు. కామాక్షమ్మ గారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మీ చెవుల సంగతి అడగను, అడిగితే మీకు కోపం. ఫోను వినపడదని ఫోనే పారేసిన మనిషికి ఉత్తరం తప్ప దారి లేదు కాబట్టి కాగితం తీశాను. ట్రంకురోడ్డులో మీ దగ్గర ఆరేళ్ళు పన్నుల పని నేర్చుకుని, ఇప్పుడు అదే గదిలో, మీ కుర్చీలోనే కూర్చుని మీకు రాస్తున్నాను. కుర్చీ ఇంకా ఎడమ పక్కకి ఒరుగుతూనే ఉంది.

సార్, నాకు పెద్ద పని దొరికింది. ముత్తుకూరు అవతల, సముద్రం పక్కన ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఓనరు పేరు మాలకొండమ్మ. భర్త వెంకయ్య చనిపోయి మూడేళ్ళయింది. అప్పటి నుంచి ముప్ఫై మంది పనివాళ్ళతో ఆవిడే నడుపుతోంది. పోయిన నెల ఉన్నట్టుండి ఆవిడ బ్యాంకు ఖాతా ఆగిపోయింది. పనివాళ్ళ జీతాల్లో కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన వృత్తి పన్ను మూడేళ్ళుగా కట్టలేదని పన్నుల ఆఫీసు బ్యాంకుకి రాసిందట. వెంకయ్య ఉన్నంత కాలం ఆయన కట్టేవాడు. అలాంటి పన్ను ఒకటి ఉందనే ఈవిడకి తెలియదు.

విచిత్రం ఏమిటంటే కట్టడానికి డబ్బుంది. అది ఆ ఆగిన ఖాతాలోనే ఉంది. బాకీ ఒప్పుకుంటున్నాం, ఖాతాలోంచే తీసుకుని మిగతాది వదలండి అని దరఖాస్తు పెడితే చాలు. దరఖాస్తు కంప్యూటర్లోనే పెట్టాలి. అందులోకి వెళ్ళాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ చివర 47 ఉన్న ఏదో సెల్లు నంబరుకి పోతోంది. ఆ నంబరు ఎవరిదని మాలకొండమ్మని అడిగితే "నాకు తెలవదు మా" అని తల తిప్పుకుంది.

పోనీ నంబరు మార్పిద్దామని రెండు వారాలుగా ఆఫీసుకి ఫోను చేస్తున్నాను. ముందు ఒకావిడ తెలుగుకి ఒకటి నొక్కమంటుంది. నొక్కితే వీణ వస్తుంది. వీణ అయిపోగానే లైను కట్టవుతుంది. ఆ వీణ నాకు ఎంతగా పట్టేసిందంటే, మొన్న ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్యలో అదే కూనిరాగం తీశానట, తమ్ముడు సుశీల్ మోచేత్తో పొడిచాడు. స్వయంగా వెళ్తే కౌంటర్లో ఆయన "అంతా ఆన్‌లైనేనమ్మా" అని కిటికీ రెక్క వేసేస్తాడు.

సముద్రంలో చేపల వేటకి ఏటా ఉండే నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది. పదిహేనున బోట్లన్నీ ఐసు నింపుకుని సముద్రం మీదకి వెళ్తాయి. ఆ రోజు ఏ ఫ్యాక్టరీలో ఐసు ఎత్తుకుంటే ఆ సీజనంతా ఆ ఫ్యాక్టరీకే వస్తారు, ఇక్కడి పద్ధతి అది. ఆ లోపల ఖాతా తెరుచుకుంటే కరెంటు బిల్లు కట్టి, మిషన్లు తిప్పి, ఐసు గడ్డ కట్టించుకోవచ్చు. తెరుచుకోకపోతే ఫ్యాక్టరీ అమ్మేయాల్సిందే. పోర్టు పక్క పెద్ద ప్లాంటు వాళ్ళు అప్పుడే బేరం కబురు పెట్టారు.

మీ కాలంలో ఆఫీసరుని ఎలా పట్టుకునేవాళ్ళు సార్? సుశీల్ రోజూ సూళ్ళూరుపేటకి రైల్లో డ్యూటీకి వెళ్తాడు. మీ స్టేషన్లో రైలాగినప్పుడు టీకొట్టాయన చేతికి ఈ కవరు ఇస్తాడు. జవాబు అక్కడే ఇచ్చిపెట్టండి.

మీ కుర్చీలో ఒరిగి కూర్చున్న
డెబోరా

దొరవారిసత్రం,
ఏప్రిల్ 27.

అమ్మాయ్ డెబోరా,

ఆశీస్సులు. నీ కవరు మీద టీ మరక పడింది, లోపలి కాగితం బాగానే ఉంది.

నేను రిటైరయ్యానని నీకు మళ్ళీ రాయాల్సి వస్తోంది. నాకు రెండు గేదెలున్నాయి, ఎకరం వరి ఉంది. గేదెలు నా ముఖం మీదకి వంగి "ఏంది సార్, వినపళ్ళేదా" అని అరవవు. మనుషులు అరుస్తారు. అందుకే మనుషుల్లోకి వెళ్ళడం మానేశాను. పన్నుల సంగతులు నాకు రాయవద్దు.

ఇంతదూరం రాశావు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. మొదటిది, ఫోను మానెయ్యి. ఆఫీసరు దొరికేది మెట్ల మీద. మధ్యాహ్నం భోజనం చేశాక ప్రతి ఆఫీసరూ కిళ్ళీకో సోడాకో కిందికి దిగుతాడు. అప్పుడు అక్కడ నువ్వుండాలి, నీ చేతిలో ఫైలు ఉండకూడదు. ఫైలు పట్టుకున్న మనిషిని చూస్తే వాళ్ళకి ఇంకో దారి గుర్తొస్తుంది. నువ్వు కూడా సోడా తాగు. ముందు ఎండల గురించి మాట్లాడు.

రెండోది, ఆవిడ తెలియదని తల తిప్పుకుందని రాశావు. నిజంగా తెలియని మనిషి తల తిప్పుకోదు. "ఏ నంబరు?" అని ఎదురు అడుగుతుంది. ఆరేళ్ళు నా పక్కన కూర్చుని అంకెలు నేర్చుకున్నావు గానీ ముఖాలు చూడటం నేర్చుకోలేదు.

కామాక్షి మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నిన్ను అడిగానని చెప్పమంది. ఇక రాయకు. ఒకవేళ రాస్తే సగం సగం రాయకు, అంతా రాయి.

పద్మనాభయ్య

నెల్లూరు,
మే 6.

సార్ గారికి,

వందనాలు. ఆఫీసరు దొరికాడు.

మీరు చెప్పినట్టే చేశాను. మూడు మధ్యాహ్నాలు సోడా బండి దగ్గర నిలబడ్డాను. కడుపు ఉబ్బింది గానీ నాలుగో రోజు ఆయన దిగాడు. పేరు నరేంద్రబాబు. సన్నగా ఉంటాడు, ముఖంలో నిద్రలేని అలసట. నిమ్మకాయ సోడా అడిగాడు. నేను ఎండల గురించి మాట్లాడాను. ఆయన పులిచింతాకు పచ్చడి వంటికి చలవ అన్నాడు. అప్పుడు మెల్లిగా ముత్తుకూరు ఐసు ఫ్యాక్టరీ అన్నాను సార్. ఆయన గ్లాసు బండి మీద పెట్టేసి నా వంక చూశాడు.

"అమ్మా, వాళ్ళ మనిషివా నువ్వు? యాడున్నారమ్మా ఇన్నాళ్ళూ? మూడేళ్ళుగా చేస్తాండా ఆ నంబరుకి. చేసినప్పుడల్లా గడగడమని ఇంజను మోత. ఎవురో ఎత్తి 'ఎన్ని బాక్సులు కావాల, రేటు చెప్పు' అంటాడు. నేను ఆఫీసు నుంచి అనేలోపల లైను పోతాది."

సార్, నేను వీళ్ళకి చేస్తుంటే వీణ, వాళ్ళు మాకు చేస్తుంటే ఇంజను. ఇద్దరం సోడాబండి దగ్గర నిలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. నోటీసులు కూడా పంపాడట, అవి పాత అడ్రసుకి పోయి తిరిగొచ్చాయట. మంచి మనిషి సార్. కానీ నంబరు మార్చే అధికారం ఆయనకి లేదు. పాత నంబరు ఓటీపీ లేకుండా మార్చాలంటే పై ఆఫీసుకి రాయాలి, అది తేలేసరికి దసరా వస్తుందన్నాడు.

అటునుంచి అటే బస్సెక్కి ముత్తుకూరు వెళ్ళాను. ఇంజను మోత అనగానే మాలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి చెప్పింది.

"అది మనుషుల నంబరు కాదు మా. బోటు నంబరు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు విడమర్చి చెప్పింది. వీళ్ళలో ఫోను మనిషికి కాదట, బోటుకి ఉంటుందట. బోటు పక్కన పేరు కింద రంగుతో నంబరు రాస్తారు. చేపల వ్యాపారులూ, తోటి బోట్లవాళ్ళూ ఆ నంబరుకే చేస్తారు. బోటులో ఎవరుంటే వాళ్ళు ఎత్తుతారు. ఇంట్లో ఫోను ఎవరూ ఎత్తకపోవచ్చు గానీ బోటు ఫోను తప్పకుండా ఎత్తుతారని, ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్ కాగితాల్లో వెంకయ్య ఆ నంబరే ఇచ్చాడు. ఆయన పోయాక ఈవిడ బోటు అమ్మేసింది. బోటు అమ్మితే ఇంజనూ వలలూ పోయినట్టే ఫోనూ నంబరూ కూడా పోతాయి. రాసిన నంబరు చెరిపితే బోటుకి కలిసిరాదట.

సార్, ప్రభుత్వం పంపిన ప్రతి కబురూ మూడేళ్ళుగా సముద్రంలో తిరుగుతోంది.

అసలు మాట ఇప్పుడు. బోటు పేరు దుర్గ. కొన్నది శివ అనే అతను, మీ పులికాట్ సరస్సులోకి సముద్రం వచ్చే మొగ దగ్గర పల్లె. మీకు దగ్గరే. నిషేధం కాబట్టి బోటు ఒడ్డునే ఉంటుంది. నంబరుకి చేస్తే స్విచ్ ఆఫ్ అని వస్తోంది. మీరు రిటైరయ్యారని తెలుసు. మనుషుల్లోకి వెళ్ళరనీ తెలుసు. నేను అడగటం లేదు, తెలియజేస్తున్నాను అంతే.

డెబోరా

దొరవారిసత్రం,
మే 13.

డెబోరాకి,

అడగటం లేదు, తెలియజేస్తున్నాను. ఈ తెలివి నా దగ్గర నేర్చుకున్నదే.

గేదెకి దాణా తేవాలి, ఆ దారినే కదా అని వెళ్ళాను. దాణా దొరికేది ఇటువైపు, పల్లె అటువైపు అని కామాక్షి అంటోంది, ఆవిడ మాట పట్టించుకోకు. ఆటోలో కొంత, నాటు పడవలో కొంత వెళ్ళి దిగేసరికి ఇసుక మీద బోట్లు వరసగా ఉన్నాయి. నాలుగోది దుర్గ. నీలం రంగు మీద పసుపు అక్షరాలు, కింద నంబరు, చివర 47. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఒక టెలిఫోను నంబరుని కళ్ళతో చూసి ఇంత సంబరపడతానని అనుకోలేదు. జేబులోంచి కాగితం తీసి అక్కడే రాసుకున్నాను.

అదే కొంప ముంచింది. తెల్ల చొక్కా, కళ్ళద్దాలు, బోటు నంబరు రాసుకుంటున్న ముసలాడు. పదిమంది మూగారు. అందరి పెదవులూ కదులుతున్నాయి, నాకు ఒక్క మాట వినపడలేదు. శివ ఎవరని అడిగాను. గట్టిగానే అడిగి ఉంటాను, అంతా వెనక్కి జరిగారు. కాగితం మీద "భయం లేదు, పన్నుల పని" అని రాసి చూపించాను. పన్ను అనే మాట చదివినవాడు చదవనివాడికి చెప్పాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేలోగా దుర్గని నీళ్ళలోకి నెట్టేసి అవతలి ఒడ్డుకి తీసుకుపోయారు.

తిరిగొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంతకాలం వీధి గుమ్మం దాటకుండా ఎందుకున్నానో అప్పుడు బాగా గుర్తొచ్చింది. వినపడని మనిషి నలుగురిలో నిలబడితే వాడు ఒకటి అంటాడు, జనం ఇంకొకటి అనుకుంటారు.

మూడో రోజు కామాక్షి చీర కట్టుకుని వచ్చి, చెవులు నేను తెస్తా, తెలివి మీరు తెచ్చుకోండి అని పలక మీద రాసింది. మోకాళ్ళ నొప్పితోనే వచ్చింది. శివ భార్యతో కూర్చుని చేపల పులుసు గురించి మొదలుపెట్టి అసలు సంగతి లాగింది. ఆ పిల్ల చెప్పింది ఇది. బోటు ఇప్పటికీ కాగితాల్లో వెంకయ్య పేరు మీదే ఉంది, బదిలీ చేయించుకోలేదు. వెంకయ్య బాకీ కింద ప్రభుత్వం బోటు పట్టుకుపోతుందని వాళ్ళ భయం. అది ఒట్టి భయం కాదు డెబోరా. నేను ఆఫీసరునైతే నాకూ ఆ ఆలోచన వస్తుంది. ఫోను వలలతో పాటు రేకుపెట్టెలో ఉంది, ఇచ్చేది లేదంటున్నారు.

ఇంకొకటి కూడా చెప్పింది. వేట రోజుల్లో ఆ నంబరుకి ఎవరో చేస్తారట. ఎత్తితే మాట్లాడరు. కాసేపుండి పెట్టేస్తారు. పన్నులవాళ్ళే కనిపెడుతున్నారని వీళ్ళ అనుమానం. ఆ చేసే నంబరు ఆ పిల్ల గోడ మీద రాసి పెట్టుకుంది, అది చూసి కామాక్షి రాసుకొచ్చింది, వెనక పేజీలో ఉంది. నీ ఆఫీసరుదేనా?

పద్మనాభయ్య

నెల్లూరు,
మే 19.

సార్ గారికి,

ఆ నంబరు ఆఫీసరుది కాదు. చూడగానే పోల్చుకున్నాను, నా ఫోనులో ఉంది. అది మాలకొండమ్మ నంబరు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. సోడాలు తాగింది నేను, ముసలితనంలో ఇసుకలో నడిచింది మీరు, ఈవిడేమో నంబరు చేతిలో పెట్టుకుని తెలియదంది. ఫ్యాక్టరీకి వెళ్ళి నిలదీశాను. మిషన్లు ఆగిపోయి అంతా నిశ్శబ్దంగా ఉంది, నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఆవిడ ఐసు డబ్బాల పక్కన కూర్చుని తల ఎత్తకుండా చెప్పింది.

"ఆయన ఇరవై ఏండ్లు తిప్పిన ఇంజను మా అది. నేను చేస్తే ఎవురో ఎత్తుతారు. ఆ మోత ఇంటా. ఇని పెట్టేస్తా. నంబరు మారిస్తే ఆ పిలగాడు సిమ్ము ఇసిరేస్తాడేమో అనుకున్నా. ముప్ఫై మంది కూడు పోతాందని తెలిసీ నోరు రాలేదు."

పక్కన కూర్చుండిపోయాను. మీరు రాసింది నిజమే, నాకు ముఖాలు చూడటం రాదు. ఆవిడ మీద అంతగా అరిచినందుకు ఇంటికొచ్చాక బాధపడ్డాను. బోటు మీద రాసిన నంబరు బోటుకే ఉంటుందనీ, మారేది మన రిజిస్ట్రేషన్లో మాత్రమేననీ చెబితే "నిజమా" అని మూడుసార్లు అడిగింది.

బోటు బదిలీ సంగతి చెప్పాను. ఒక్క క్షణం ఆలోచించలేదు సార్. ఇప్పుడు బోట్ల ధర బాగా పెరిగింది, అప్పుడు అమ్మిన ధరకి ఇప్పుడు సగం బోటు కూడా రాదు. ఎవరైనా అయితే సంతకానికి పైన ఎంతో కొంత అడుగుతారు. ఈవిడ "ఆ బిడ్డ బోటు ఆ బిడ్డది, నేనే పోయి చేస్తా" అంది. కాగితాలు తయారు చేస్తున్నాను. బకాయి ఉండగా బదిలీ కుదురుతుందా అని నరేంద్రబాబుని సోడాబండి దగ్గర అడిగాను. బాకీ ఫ్యాక్టరీది, దాని ఖాతాలో డబ్బుంది, బోటు జోలికి మేం రామని కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చాడు.

జూన్ రెండున ఆవిడని సుశీల్ రైల్లో తీసుకొస్తాడు. నేను ఇక్కడ కంప్యూటరు ముందు ఉంటాను. ఓటీపీ పది నిమిషాలకి మించి నిలవదు. మీరు అక్కడ ఉండాలి సార్. ఈసారి అడుగుతున్నాను.

డెబోరా

దొరవారిసత్రం,
జూన్ 3.

నా తల్లీ డెబోరా,

నీ వైపు ఏం జరిగిందో నువ్వు రాస్తావు, ఒడ్డున ఏం జరిగిందో నేను రాస్తాను. రాత్రంతా నిద్ర పట్టలేదు, లేచి రాస్తుంటే కామాక్షి తిడుతోందని పెదవులు చూసి తెలుసుకున్నాను.

మాలకొండమ్మ పడవ దిగి తిన్నగా దుర్గ దగ్గరికి నడిచింది. బోటు పక్కన చెయ్యి ఆనించి నిలబడింది. శివ దూరంగా నిలబడి చూస్తున్నాడు. కాసేపటికి ఆవిడే వాణ్ణి పిలిచి, కాగితాలు బోటు అంచు మీద పెట్టి, ఊరంతా చూస్తుండగా సంతకాలు చేసింది. నరేంద్రబాబు ముద్ర వేసిన కాగితం శివ చేతిలో పెట్టింది. వాడు అడిగింది నాకు వినపడలేదు, కామాక్షి తర్వాత పలక మీద రాసింది. "ఎంత ఇయ్యాల అక్కా?" అన్నాడట. "ఫోను ఆపబాక, అంతే" అందట ఆవిడ. శివ వెళ్ళి రేకుపెట్టె మొత్తం ఎత్తుకొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు.

ఇక ఫోను కథ. చార్జింగు లేదు, రీచార్జి లేదు. అవి రెండూ అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పల్లెలో సిగ్నలు రాదు, నీళ్ళ అంచుకి వెళ్తేనే వస్తుంది. అంతా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాం. కామాక్షి శివ రెండో ఫోను చెవికి పెట్టుకుని నీతో మాట్లాడుతోంది. నువ్వు నొక్కానని చెప్పావు. ఏమీ రాలేదు. రెండోసారి నొక్కావు. మళ్ళీ రాలేదు. శివ ముఖం వాడిపోయింది.

అప్పుడు చూశాను డెబోరా. వాళ్ళంతా ఫోను మోగుతుందని చెవులు పెట్టి, తలలు పక్కకి తిప్పి వింటున్నారు. రేకుపెట్టెలో వలల ఉప్పుతడి పట్టి ఆ ఫోను మోత చచ్చింది. తెర ఒక్కసారి వెలిగి ఆరిపోతోంది, అంతే. రెండు మెసేజీలూ వచ్చాయి, చూసినవాడు లేడు. ఆ గుంపులో చెవి మీద ఆశ పెట్టుకోనివాణ్ణి నేనొక్కణ్ణే. ఫోను నా చేతిలోకి లాక్కుని, ఎండ పడకుండా తల మీద కామాక్షి కొంగు కప్పుకుని, మళ్ళీ నొక్కమన్నానని చెప్పించాను. తెర వెలిగింది. ఆరు అంకెలూ పలక మీద రాసి పైకెత్తాను. కామాక్షి చదివింది.

నువ్వు లోపలికి వెళ్ళానని చెప్పేదాకా అంతా అక్కడే నిలబడ్డాం. కామాక్షి ఫోను దించి నా వంక తిరిగి తల ఊపింది. ఆ పల్లెలో ఎవరో నన్ను భుజాల మీదకి ఎత్తుకున్నారు. డెబ్భై ఏళ్ళ మనిషిని, తడిసిన పంచెతో. నా చొక్కా గుండీలు రెండు ఊడిపోయాయి. ఇంత సంతోషం నేను రిటైరయ్యే రోజున కూడా పడలేదు.

త్వరగా రాయి. ఖాతా తెరిచారా?

పద్మనాభయ్య

నెల్లూరు,
జూన్ 10.

సార్ గారికి,

తెరిచారు, తెరిచారు. ఏడో తారీకు మధ్యాహ్నం నరేంద్రబాబు నాకు ఫోను చేశాడు. నేను ఆయనకి కాదు, ఆయన నాకు. ఎత్తగానే నేను అలవాటు కొద్దీ ఒకటి నొక్కాను. ఆయన నవ్వి "అమ్మా, నేను మనిషినే, మాట్లాడు" అన్నాడు. బాకీ తీసుకున్నారు, మిగతా డబ్బు వదిలేశారు. సాయంత్రానికి కరెంటు బిల్లు కట్టాం. ఎనిమిదిన మిషన్లు తిరిగాయి. ఆ మోత మొదలవగానే పనివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు, రెండు నెలలుగా జీతాల్లేని మనుషులు సార్. మాలకొండమ్మ మోటారుకి బొట్టు పెట్టింది. నన్నూ ఒక ప్రార్థన చేయమంటే చేశాను. ఇక మీదట జీతాల లెక్కా పన్నూ నెలనెలా చూసే మనిషిని ఇక్కడే పెట్టుకోమని ఆవిడకి చెప్పాను.

ఇప్పుడు డబ్బాల నిండా ఐసు గడ్డకడుతోంది. కానీ ఒక దిగులు పట్టుకుంది. రెండు నెలలు ఫ్యాక్టరీ మూతపడేసరికి ఇది పోయిందనే మాట ఒడ్డంతా పాకింది. పోర్టు పక్క ప్లాంటు వాళ్ళు బోట్లవాళ్ళని ముందే మాట్లాడేసుకున్నారట. నిన్న మాలకొండమ్మ పాత బోట్లవాళ్ళ ఇళ్ళకి వెళ్ళొచ్చింది. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారట గానీ మాట ఇవ్వలేదట. పదిహేనున ఎవరూ రాకపోతే ఇంత కష్టమూ ఐసుతో పాటు కరిగిపోతుంది. ఖాతా తెరిపించడం నా చేతిలో ఉంది, బోట్లని పిలవడం నా చేతిలో లేదు.

మీరు ఆ రోజుకి రండి సార్. వస్తే నాకు ధైర్యం.

డెబోరా

దొరవారిసత్రం,
జూన్ 12.

డెబోరాకి,

గేదె ఈనేట్టుంది, రాలేను. కామాక్షి ఒప్పుకోదు.

దిగులు పడకు. ఆవిడ బోటు అంచు మీద సంతకం పెట్టిన రోజు ఒడ్డున ఉన్నది ఆ ఒక్క పల్లెవాళ్ళే కాదు. ఇంతకంటే రాయను.

పద్మనాభయ్య

ముత్తుకూరు ఐసు ఫ్యాక్టరీ,
జూన్ 15, ఉదయం.

సార్,

మీరు నా ఎదురుగా, మూడు అడుగుల దూరంలో కూర్చుని టీ తాగుతున్నారు. అయినా రాస్తున్నాను. ఐసు పొడి చేసే మిషను మోతలో నా మాట నాకే వినపడటం లేదు. ఇదిగో ఈ కాగితం మీ ముందుకి తోస్తున్నాను.

అబద్ధాలు చెప్పారు. గేదె ఈనలేదు. తెల్లవారేసరికి దుర్గ వచ్చి మన రేవులో ఆగితే, అందులోంచి పంచె ఎగగట్టుకుని దిగిన మనిషిని చూసి కాసేపు నేను నమ్మలేదు. దుర్గ వెనక మీ వైపు బోట్లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం మానేశాను. బోటు ఫోన్లలో ఆ సంతకం కబురు తీరమంతా తిప్పారటగా శివ వాళ్ళు. "బోటు రాసిచ్చి పైసా అడగని అమ్మ దగ్గరే ఐసు" అన్నారట. వాళ్ళని చూసి ఇక్కడి పాత బోట్లవాళ్ళు కూడా డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మొన్న మజ్జిగ ఇచ్చి పంపినాయన అందరికంటే ముందున్నాడు. మధ్యాహ్నానికి ఐసు అయిపోతుంది, మాలకొండమ్మ రెండో బ్యాచీకి నీళ్ళు పట్టిస్తోంది.

మీరు ఏమీ రాయకుండా అటే చూస్తున్నారు. ఏం చూస్తున్నారు సార్? జవాబు కిందే రాయండి.

డెబోరా

అదే కాగితం, కింద.

డెబోరా,

పనివాళ్ళని చూస్తున్నాను. ఇక్కడికొచ్చి గంటసేపయింది, ఒక్కడూ నోరు తెరవలేదు. ఎన్ని డబ్బాలో వేళ్ళతో చూపిస్తున్నారు, ఆపమని అరచెయ్యి ఎత్తుతున్నారు, నవ్వాలంటే భుజం తడుతున్నారు. ఇందాక ఆ గళ్ళలుంగీ అతను నాకు టీ కావాలా అని చేత్తో అడిగాడు, చక్కెర తగ్గించమని నేను చేత్తోనే చెప్పాను, తగ్గించి తెచ్చాడు. నా ముఖం మీదకి వంగి ఎవరూ అరవలేదు. ఈ మోతలో అందరికీ నాకు వినపడినంతే వినపడుతోంది.

ఈ ముప్ఫై మంది జీతాల లెక్కా, పన్నూ నెలనెలా ఎవరో ఒకరు ఇక్కడే కూర్చుని చూడాలని నువ్వు మాలకొండమ్మకి చెప్పావుగా. ఆ మనిషిని నేనే అని ఆవిడకి చేత్తో చెప్పాను. ఆవిడ సరేనని తల ఊపింది. సోమవారం నుంచి వస్తాను. కామాక్షిని కూడా తీసుకొస్తాను, ఇక్కడ గది చూడు.

పద్మనాభయ్య